ఏ పేటలో దిగాలి?

బదిలీ కాగితం చేతిలో పడ్డ ఏ గుమాస్తా అయినా ముందు వేసుకునే ప్రశ్న ఒకటే. ఏ పేటలో దిగాలి? ఆఫీసుకి ఎంత దూరం, ఒక్క బస్సులో పోవచ్చా రెండు మారాలా, నీళ్లు రోజూ వస్తాయా రోజు విడిచి రోజా, పిల్లలకి బడి నడిచేంత దూరంలో ఉందా, అద్దె పోను జీతంలో ఏం మిగులుతుంది. ఈ లెక్కలు అందరూ వేస్తారు. మేమూ వేస్తాం. కాకపోతే మా కాగితంలో వీటన్నిటికీ పైన ఇంకో గడి ఉంటుంది. అది నిండితేగాని కింది గడులు నింపే పనే పడదు. గొడవలైన రాత్రి మన తలుపు పక్కన ఎవరి తలుపు ఉంటుంది?

1996లో నాకు ఒంగోలు నుంచి హైదరాబాదుకి బదిలీ అయింది. ఇప్పుడు నా కూతురికి గచ్చిబౌలి అవతల ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మధ్యలో పాతికేళ్లు దాటిపోయాయి. నగరం నాలుగు దిక్కులా పెరిగింది, రాష్ట్రం రెండయింది, టులెట్ బోర్డు సెల్‌ఫోన్‌లోకి ఎక్కింది. మా కాగితంలో ఆ పై గడి మాత్రం చెరగలేదు. దీన్ని నా సొంత గోడుగా రాయడం లేదు. తెలుగు కథా, తెలుగు సెక్యులర్ మిత్రులూ, మా ముస్లిం పెద్దలూ ముగ్గురూ ఈ గడిని చూసీ చూడనట్టు దాటేశారని నా ఫిర్యాదు. ఆ ఫిర్యాదే ఈ వ్యాసం.

ముందు కథ సంగతి. అద్దెకొంపల మీద తెలుగులో హాస్యానికి లోటు లేదు. యజమానురాలు నీళ్ల బిందెలు లెక్కపెట్టడం, రాత్రి తొమ్మిదికల్లా గేటుకి తాళం, గోడకి మేకు కొడితే పోట్లాట, చుట్టాలొస్తే మూతి ముడుపు. వారపత్రికలు, రేడియో నాటికలు, సినిమాల్లో కామెడీ ముక్కలు ఈ సరుకు మీద దశాబ్దాలు బతికాయి. నేనూ చదివి నవ్వినవాణ్ణే. చాలా కాలానికి ఒక సంగతి తట్టింది. ఆ కథల్లో కథానాయకుడికి ఇల్లు దొరుకుతుంది. దొరికాకే కష్టాలు మొదలవుతాయి. హాస్యం పుట్టాలంటే ముందు గుమ్మం దాటనివ్వాలి కదా! గుమ్మం బయటే ఆగిపోయినవాడి మీద హాస్యకథ రాయడం కుదరదు. అందుకని వాడి మీద కథే రాయలేదు.

ఆ కథల్లో కూడా యజమాని ‘మీరేమిట్లు?’ అని అడుగుతాడు. రచయిత దాన్ని ముసలాయన చాదస్తం కింద జమకట్టి నవ్వించేస్తాడు. ఎందుకు నవ్వించగలిగాడు? ఏ జవాబొచ్చినా అది ఒక ఇంటిలోపలి తగాదాయే కాబట్టి. వైదీకులా నియోగులా, కమ్మలా రెడ్లా అన్నంతవరకే ఆ ప్రశ్నకి ఊహ. ‘దూదేకులవాళ్లం’ అని జవాబొస్తే కథ ఎటు పోతుందో అన్న ఆలోచన ఆ రోజుల్లో నేను చదివిన ఏ రచయితకీ వచ్చినట్టు లేదు. మాలనో మాదిగనో అని జవాబొస్తే ఏమవుతుందో చెప్పడానికి దళితులే కలం పట్టాల్సొచ్చింది. మా విషయంలోనూ అంతే.

నా పేరులో మొదటి సగం మస్తాన్. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఈ పేరుకి మతం లేదు. గుంటూరులో కాలే మస్తాన్‌వలీ దర్గా ఉంది. అక్కడ మొక్కుకుని బిడ్డల్ని కన్న హిందువులు మగపిల్లాడికి మస్తాన్‌రావు అనీ ఆడపిల్లకి మస్తానమ్మ అనీ పెట్టుకుంటారు. నాగూరు దర్గాకి మొక్కుకున్నవాళ్లు నాగూరయ్య, నాగూరమ్మ అంటారు. పీర్ల పండగ వస్తే పీరెత్తేవాళ్లలో, గుండం తొక్కేవాళ్లలో హిందువులెంతమందో పల్లెలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లో పుట్టి, ఇంట్లోనూ వీధిలోనూ తెలుగే మాట్లాడి పెరిగినవాణ్ణి నేను. కాబట్టి 1996లో టులెట్ బోర్డు మీది నెంబరుకి ఫోన్ చేసి ‘ఒంగోలు నుంచండీ, గవర్నమెంటు ఉద్యోగం, మస్తానంటారు’ అంటే అవతలి గొంతు మెత్తబడేది. ‘మస్తాన్‌రావుగారా! రండి, సాయంత్రం చూసుకోండి’ అనేవారు. నేను రావునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. ఆ చెప్పకపోవడం మీద ఇప్పటికీ నా మీద నాకు కోపం ఉంది.

సాయంత్రం స్కూటర్ మీద ఇద్దరం వెళ్లేవాళ్లం. మావాళ్లలో బురఖా తక్కువ. నా భార్య చీర కట్టుకుని, మెళ్లో నల్లపూసలతో ఉండేది. నుదుట బొట్టు మాత్రం ఉండదు. యజమానురాలి చూపు వచ్చి ఆ ఖాళీ మీద ఒక్క క్షణం ఆగేది. ఆ చూపు మా ఆవిడకి ముందే తెలిసిపోయేది, నాకు రెండు నిమిషాలు పట్టేది. వంటగది చూపించేవారు, మోటారు చూపించేవారు, అద్దె చెప్పేవారు. అడ్వాన్సు రసీదు రాసేటప్పుడు పూర్తి పేరు అడిగేవారు. రెండో సగం చెప్పేవాణ్ణి. కలం ఆగేది.

‘మాకేం పట్టింపుల్లేవండీ, పైవాటావాళ్లు ఒప్పుకోరు.’ ‘మా అత్తగారికి మడి ఎక్కువ.’ ‘మా తమ్ముడు అమెరికా నుంచి వస్తున్నాట్ట, నిన్ననే ఉత్తరం వచ్చింది, మర్చేపోయా.’ ‘మీరు మంచివాళ్లేనండీ, మీ చుట్టాలంటూ వస్తారు కదా.’ ఎవరూ తిట్టలేదు. ఒకావిడైతే ఇల్లు లేదని చెప్పాక కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ తాగాలో మానాలో తెలియక ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. తాగాం. పదకొండు ఇళ్లు తిరిగాం అప్పుడు.

ఇక్కడ శాకాహారం ముచ్చట ఒకటి చెప్పాలి. ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న బోర్డు హైదరాబాదులో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి తొంభై ఎనిమిదిమందికి పైగా మాంసం తినేవాళ్లు. దేశంలోకెల్లా అదే ఎక్కువ. ఆంధ్ర కూడా పెద్దగా వెనకబడి లేదు. ఆదివారం పొద్దున ఏ కాలనీలోనైనా మాంసం కొట్టు ముందు వరస చూస్తే సర్వేతో కూడా పని లేదు. మరి ఆ మిగిలిన ఇద్దరి కోసమేనా అన్ని బోర్డులు? కాదు. బోర్డు పెట్టినాయన ఇంట్లోనే ఆదివారం కోడి కోస్తారు. ఆ మాటకి అర్థం తిండి కాదు. ‘మాలమాదిగలూ తురకలూ రావద్దు’ అని గేటుకి రాస్తే బాగుండదు కాబట్టి, దానికి దొరికిన మర్యాదైన మాట అది. ఎవర్ని రావద్దంటోందో వాళ్లకి అర్థమవుతుంది. మిగతావాళ్లకి ఆరోగ్య నియమంలా కనిపిస్తుంది.

స్కైబాబ ఈ మాటనే పట్టుకుని ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ కథ రాశాడు. అద్దె ఇంటి వేటే దాని వస్తువు. తర్వాత ఆయన కథలు ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు ఆ సంపుటానికి పెట్టింది కూడా ఈ కథ పేరే. దీని గురించి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’తోనూ, 1998లో ‘జల్‌జలా’ సంకలనంతోనూ మా కవిత్వం గొంతు విప్పింది. అది దేశంతో తగాదా పెట్టుకున్న కవిత్వం. ఈ నేల నాది కాదా, నా దేశభక్తికి సాక్ష్యం ఎవరివ్వాలి, చరిత్ర చేసిన తప్పులకి నన్నెందుకు నిలబెడతారు అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నలే. కాని ఇల్లు చూపించే యజమాని నా దేశభక్తిని ఎప్పుడూ అడగలేదు. ఆయన అడిగింది మా వంటింటి గురించి. దేశం పేరు ఎత్తకుండానే ఆయన నా దేశాన్ని మూడు గల్లీలకి కుదించేశాడు. మా కవిత్వం ఎక్కువగా పార్లమెంటుకీ పత్రికాఫీసుకీ వినిపించేలా మాట్లాడింది. మెట్లమీద నిలబడి ‘అలాగేనండీ, పర్లేదండీ’ అని తిరిగొచ్చే మనిషి గొంతు అందులో తక్కువ. ఆ గొంతుని పట్టుకున్నది కథ. ‘పర్లేదండీ’ అనే మాట పద్యంలో ఇమడదు. పద్యానికి ఆగ్రహం కావాలి. కథలో అది చక్కగా ఇముడుతుంది.

విమర్శకులు ఈ కథల్ని ‘అనుభవ సాహిత్యం’ అనో ‘ఆవేదన’ అనో మెచ్చుకుని పక్కన పెట్టారు. ఆవేదన అనేశాక ఇంక విశ్లేషణతో పని లేదు కదా! ఆ కథలో ఉన్నది నగరం ఎలా కట్టబడిందన్న సంగతి. దాన్ని నగర చరిత్రగా చదవాలి.

ఆ చరిత్ర కొంచెం చూద్దాం. ‘మీవాళ్లే ఒకచోట గుంపుగా ఉంటారయ్యా, మేమేం చేస్తాం’ అని నాతో చాలామంది సెక్యులర్ మిత్రులు అన్నారు. చదువుకున్నవాళ్లు, ఇఫ్తారుకి పిలిస్తే వచ్చేవాళ్లు. హైదరాబాదు మొదట్నించీ ఇలా లేదు. పాతబస్తీలో షా అలీ బండా, హుస్సేనీ ఆలం దగ్గర కాయస్థుల ఇళ్లు నవాబుల దేవిడీల పక్కనే ఉండేవి. లాల్‌దర్వాజా బోనాలు ఇప్పటికీ అక్కడే జరుగుతాయి. 1908 మూసీ వరద ఊరిని ఊడ్చుకుపోయాక, 1912లో పెట్టిన నగర అభివృద్ధి బోర్డు ఇరుకు వాడలు తీయించి కొత్త ఇళ్లు కట్టించింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో లెక్క మారిపోయింది. జిల్లాల్లో జరిగిన ఊచకోత మీద నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలమంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికని దశాబ్దాలపాటు బయటికి రానివ్వలేదు. బతికినవాళ్లు పల్లెలొదిలి నగరంలో తమవాళ్లున్న చోటికి చేరారు. అది గుంపు కట్టే సరదా అంటారా?

తర్వాత 1978, 1984, 1990. ఒక్క 1990 డిసెంబరులోనే వందమందికి పైగా చచ్చిపోయారు. ఒక్కో గొడవ తర్వాత ముస్లిం కుటుంబాలు కలిసి ఉన్న వాడలు వదిలి ముస్లింల మధ్యకి వచ్చాయి. హిందూ కుటుంబాలు పాతబస్తీలో ఇళ్లు అయినకాడికి అమ్మి అవతలికి పోయాయి. వాళ్ల భయం అబద్ధమని నేననను. కాని అటు వెళ్లినవాళ్లకి మొత్తం నగరం తెరిచి ఉంది. ఇటు వచ్చినవాళ్లకి కొన్ని పేటలే. గల్ఫ్ డబ్బు వచ్చాక టోలిచౌకీ లేచింది. అది లేనివాళ్లు చాంద్రాయణగుట్ట దాటి, రాళ్లగుట్టల మధ్య ప్లాట్లు కొనుక్కున్నారు. అలా చేరినచోటికి పత్రికలు ‘ఉద్రిక్త ప్రాంతం’ అని పేరు పెట్టాయి. బంద్ లేని రోజున కూడా పేరు అదే.

ఘెట్టో అన్న మాట 1516లో వెనిస్‌లో పుట్టింది. యూదులందర్నీ ఒక చిన్న దీవి మీదకి పంపి, రాత్రి గేట్లు మూసి కాపలా పెట్టారు. కాపలావాళ్ల జీతం కూడా యూదులే కట్టుకోవాలి. మాకు గేటు లేదు. వీధిలోంచి బయటికి పోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. బయట ఉండడానికే అడ్డు. ఆ కాపలా ఖర్చు మటుకు మేమే కడుతున్నాం. రోజూ రెండు గంటల బస్సు ప్రయాణంగా కడుతున్నాం. మంచి బడి లేని పేటలో పిల్లల చదువుగా కడుతున్నాం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు ఎక్కువగా ఉన్న చోట్లని కొన్ని బ్యాంకులు అప్పివ్వకూడని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకుంటాయని రాసింది. భద్రత కోసం ఒకచోట చేరడం, అలా చేరినచోటికి ప్రభుత్వం రోడ్డూ బడీ ఆసుపత్రీ తేకపోవడం, బయట ఇల్లు దొరక్కపోవడం, మూడూ ఒకే తాడులోని పోగులని ఆ నివేదిక చదివితే తెలుస్తుంది.

గుజరాత్‌లో దీనికి చట్టమే ఉంది. అహ్మదాబాదులో జుహాపురా 1973 సాబర్మతి వరద బాధితుల కోసం మొదలైన కాలనీ. అప్పుడు రెండు మతాల పేదలూ ఉన్నారు. 1985, 1992, 2002 దాటేసరికి లక్షలమంది ముస్లింల పేట అయింది. గొడవల్లో భయపడి ఇళ్లు చవగ్గా అమ్ముకోకుండా కాపాడతామని 1991లో తెచ్చిన కల్లోలిత ప్రాంతాల చట్టం ప్రకారం, అలాంటి చోట ఇల్లు అమ్మాలంటే కలెక్టర్ అనుమతి కావాలి. కాపాడడానికి పెట్టిన కంచే హిందూ వీధిలో ముస్లిం ఇల్లు కొనకుండా అడ్డుకునే కంచె అయింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు, ఆ పని పైవాటావాళ్లే చూసుకుంటున్నారు.

రాజ్యాంగం ఏం చెప్తుందని అడగొచ్చు. పందొమ్మిదో అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు ఇచ్చింది. పదిహేనో అధికరణం దుకాణం, హోటలు, బావి, చెరువు, రోడ్డు పేరు పేరునా చెప్పి అక్కడ మతం కులం చూడరాదంది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదు పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ మతంవాళ్లకే అని సొసైటీ నియమం పెట్టుకోవడం తప్పు కాదంది. తగ్గిపోతున్న పార్సీలు ఒకచోట ఉండాలనుకోవడం వేరు. నూటికి ఎనభైమంది ఉన్నవాళ్లు మిగతావాళ్లని రానివ్వకపోవడం వేరు. ఆ తీర్పు ఈ రెంటికీ ఒకే గొడుగు పట్టింది.

2007లో మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది నమాజుకి వచ్చినవాళ్లు. పట్టుకెళ్లింది కూడా ముస్లిం కుర్రాళ్లనే. తర్వాత వాళ్లు నిర్దోషులని తేలి ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ ఏడాది నాకు తెలిసిన ముగ్గురు పెళ్లికాని కుర్రాళ్లని అద్దె గదులు ఖాళీ చేయించారు. ఒకడు ఫార్మసీ చదివేవాడు. వాడి నేరం గడ్డం. ఖాళీ చేయించినాయన చెడ్డవాడు కాదు, ‘పోలీసులొస్తే నేనెక్కడ తిరగను నాయనా’ అన్నాడట. నిజమే, ఆయనా భయపడ్డాడు. భయం ఎవరిదైనా గది ఖాళీ అయ్యేది మాదే.

ఇప్పుడు మావాళ్ల సంగతి. ఇది రాయకపోతే పైదంతా దొంగ ఏడుపవుతుంది.

పదకొండు ఇళ్లయ్యాక ఆఫీసులో ఒక పెద్దాయన, ‘మెహదీపట్నం వైపు చూసుకోవయ్యా, మీవాళ్లుంటారు’ అన్నాడు. ఎవరు మావాళ్లు? నావాళ్లు ఒంగోలులో ఉన్నారు. అయినా వెళ్లాం. తలుపు తీసినాయన ఉర్దూలో అడిగాడు. నాకొచ్చిన ఉర్దూ సినిమా ఉర్దూ. రెండు వాక్యాల తర్వాత ఆయన నవ్వి, ‘ఆంధ్రావాలే?’ అన్నాడు. ఏ ఖాన్‌దాన్ అని అడిగాడు. అంటే సయ్యదా, షేకా, పఠానా అని. మీరేమిట్లు అన్న ప్రశ్నే, షేర్వానీ వేసుకుని వచ్చింది. దూదేకుల అన్నాను. ‘పింజారీ!’ అన్నాడు లోపలికి తిరిగి, భార్యకి వినబడేలా. నమాజు వచ్చా అని అడిగాడు. వచ్చని చెప్పాను. ఇల్లు ఇవ్వలేదు. ఇంట్లో పెళ్లి ఉందన్నాడు.

తెలుగువాడికి నేను తురకవాణ్ణి. హైదరాబాదు ముస్లింకి నేను సగం తురకవాణ్ణి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని ప్రభుత్వం బీసీ–బీలో నాలుగు పేర్లతో రాసుకున్న జనం మేము. రెండు వైపులా గుమ్మం బయటి జనం. మతం వేరైనందుకు ఒక తలుపు మూసుకుంటుంది. మతం ఒకటే అయినా కులం చాలనందుకు రెండోది మూసుకుంటుంది. ఇస్లాంలో కులం లేదని మీటింగుల్లో చెప్పే పెద్దలు ఒకసారి కిరాయి ఇంటికి మాతో రండి.

చివరికి ఆ చుట్టుపక్కలే ఒక ముసలాయన రెండు గదులిచ్చాడు. కొడుకు జెద్దాలో ఉన్నాడు, ఇంట్లో మనుషుల అలికిడి కావాలన్నాడు. ‘కాగజ్ నక్కో, జబాన్ బస్’ అన్నాడు. పేరూ కులమూ అడగలేదు. నెలనెలా కిరాయి ఇస్తుంటే లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకునేవాడు. ఇలాంటి మనుషులు రెండు వైపులా ఉంటారు. కాని ఒక నగరంలో ఇల్లు దొరకడం మంచి ముసలాయన తగలడం మీద ఆధారపడకూడదు.

అక్కడ బతుకు నిమ్మళంగానే ఉంది. గొడవల వార్త వచ్చిన రోజున తలుపు గడియ రెండుసార్లు చూసుకోవాల్సిన పని లేకపోయింది. కాని ఇంకో నష్టం మెల్లగా తెలిసొచ్చింది. చుట్టుపక్కల బళ్లలో రెండో భాషగా ఉర్దూ ఉంది, హిందీ ఉంది, తెలుగు లేదు. 2000లో పుట్టిన నా కూతురు గల్లీలో ఉర్దూ నేర్చుకుంది, మంచిదే. నాలుగేళ్లకి ‘అమ్మమ్మ’ అనడం మానేసి ‘నానీ’ అంటే ఒంగోలులో మా అత్తగారు ఏడ్చింది. ఒక భాషని కాపాడుకోవాలంటే భద్రత వదులుకోవాలి, భద్రత కావాలంటే భాష వదులుకోవాలి. తెలుగు భాషాభిమానులు ఇంగ్లీషు మీద చాలా వ్యాసాలు రాస్తారు. ఒక తెలుగు ముస్లిం కుటుంబానికి తెలుగు ఏ పేటలో పోతుందో, ఎవరు ఇల్లివ్వనందుకు పోతుందో వాళ్ల దృష్టికి రాలేదు.

ఆ తర్వాత నాకు గవర్నమెంటు క్వార్టరు వచ్చింది. క్వార్టర్ల లిస్టు నా పేరులో రెండో సగాన్ని పట్టించుకోలేదు. జాయినైన తేదీ చూసింది, అంతే. పక్క వాటాలో యాదవులు, ఎదురుగా బ్రాహ్మలు, కింద క్రైస్తవులు. తగాదాలు రాలేదా? వచ్చాయి, నీళ్ల దగ్గర. ఆ హాస్యకథల్లో తగాదాలు ఎట్టకేలకు మాకూ వచ్చాయి! బిందె ముందు పెట్టారని ఎదురింటావిడ నా భార్యతో దెబ్బలాడినప్పుడు నేను లోపల కూర్చుని సంతోషపడ్డాను. ఆవిడ తురకదానితో కాదు, నీళ్లు ఎక్కువ పట్టుకునేదానితో పోట్లాడుతోంది. రంజాన్‌కి సేమ్యా వెళ్లేది, ఉగాదికి బొబ్బట్లు వచ్చేవి అని రాస్తే సెక్యులర్ పాఠం అవుతుంది కాబట్టి అది రాయను. ఒక నిబంధన ప్రకారం ఇళ్లు పంచితే జనం కలిసి ఉంటారు, ఉండగలరు. ఇష్టానికి వదిలేస్తే ఉండరు. హౌసింగు బోర్డులు, క్వార్టర్లు వెనకబడి ఇళ్ల వ్యవహారమంతా ప్రైవేటు చేతుల్లోకి పోయినకొద్దీ మా పేటలు ఇరుకవుతున్నాయి. సెక్యులర్ మిత్రులు మత సామరస్య సభలకి పెట్టే శ్రమలో కొంత దీనికి పెట్టి ఉంటే బాగుండేది.

2016లో ఆంధ్ర ఉద్యోగులందరితో పాటు నేనూ అమరావతికి తరలిపోయాను. గుంటూరులో ఇల్లు వెతకడం కూడా ఒక కథే, కాని అక్కడ ‘మస్తాన్’ ఇంకా కొంత చెల్లుబాటయింది. రిటైరై అక్కడే ఉన్నాను.

ఇప్పుడు అమ్మాయి. ఇరవై అయిదు దాటలేదు, ఒంటరి ఆడపిల్ల, ముస్లిం. మూడు గడులు. ఫోన్‌లో ఇళ్ల ఫోటోలు చూపించింది. ఈతకొలను, జిమ్ము, పిల్లలకి ఉయ్యాలలు. వాకబు చేస్తే మొదటి ప్రశ్న జీతం కాదు, ‘ఫుల్ నేమ్ ప్లీజ్’. పేరు పంపాక కొందరు జవాబే ఇవ్వరు. నా రోజుల్లో కాఫీ అయినా ఇచ్చారు. ఢిల్లీ పరిసరాల్లో ఇల్లు అద్దెకి అడిగించి చూసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. అగ్రకులాల పేర్లకి తలుపులు తెరుచుకున్నాయి, దళితుల పేర్లకి కొన్ని మూసుకున్నాయి, ముస్లిం పేర్లకి ఇంకా ఎక్కువ మూసుకున్నాయి. అమ్మాయి దాన్ని చదివి, ‘మన ఇంటి డైరీ ఎవరో అచ్చేశారు నాన్నా’ అంది.

ఆఫీసుకి దగ్గరగా మణికొండ ఉంది. ఆ పేరు వినగానే నాకు వేరే సంగతి గుర్తొస్తుంది. హుస్సేన్‌సాగర్ కట్టించాడని పేరున్న హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఆ పక్కనే. మణికొండ జాగీరు 1654 ఎకరాలు ఆ దర్గా వక్ఫు భూమి అని బోర్డు ఏళ్లతరబడి కొట్లాడింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదే అని తీర్పిచ్చింది. అప్పటికే అక్కడ ఆకాశాన్నంటే మేడలు లేచాయి. భూమి ఎవరిదన్న తగువు కోర్టు తేల్చేసింది, సరే. ఒక ముస్లిం ఫకీరు పేరు మోసే నేల పక్కన ఒక ముస్లిం పిల్ల రెండు గదులు అడిగితే ‘ఫుల్ నేమ్ ప్లీజ్’ అంటున్నారన్నది ఏ కోర్టు లెక్కలోకీ రాదు.

నేను టోలిచౌకీ అన్నాను. ఆఫీసుకి మరీ దూరం కాదు, మసీదు ఉంది, భయం లేదు. అమ్మాయే వెళ్లి చూసొచ్చింది. మూడు ఇళ్లలో ఒకరు ‘అకేలీ లడ్కీకో నై దేతే’ అన్నారు. ఇంకొకరు రాత్రి ఎనిమిదికి గేటు వేస్తామన్నారు. దాని షిఫ్టు పదకొండుకి అయిపోతుంది. మూడో ఇంటావిడ బురఖా వేసుకోవా అని అడిగింది. ‘నాన్నా, అక్కడ నా పేరు కుదర్లేదు, ఇక్కడ నా బట్టలు కుదర్లేదు’ అని నవ్వింది ఫోన్‌లో. నాకు నవ్వు రాలేదు. మా రోజుల్లో ఆ ముసలాయన అడగని ప్రశ్నలు ఇప్పుడు మావాళ్ల ఇళ్లలో ఎక్కువయ్యాయి. బయటి తలుపులు మూసుకుపోయినకొద్దీ లోపలి తలుపులకి గడియలు పెరుగుతాయి కాబోలు. ఆ గడియ మాత్రం ఎప్పుడూ ముందు ఆడపిల్ల మీదే పడుతుంది.

దాంతో పనిచేసే ఒక తెలుగమ్మాయి, కొండాపూర్‌లో తన పేరు మీద ఫ్లాటు తీసుకుంటాననీ, ఇద్దరూ ఉండొచ్చనీ అందట. మంచి పిల్ల. అగ్రిమెంటులో నీ పేరు ఉంటుందా అని అడిగాను. ఉండదంది. ఓనరుకి చెప్తారా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘అడిగితే చెప్తాం’ అంది. 1996లో టెలిఫోను బూత్‌లో నిలబడి ‘మస్తానంటారు’ అన్నది నేనే కాబట్టి ఇంక ఏమీ అనలేకపోయాను.

రాత్రి పదిన్నరకి తనే మళ్లీ చేసింది. ఆ ఫ్లాటు వద్దనుకుందట. ఇద్దరి పేర్లూ రాస్తేనే వస్తానని ఆ అమ్మాయికి చెప్పిందట. ఇద్దరూ కలిసి ఆదివారం ఇంకో రెండు ఇళ్లు చూడబోతున్నారు. ముందే ఫోన్‌లో ఇద్దరి పేర్లూ పూర్తిగా చెప్పి, రమ్మన్నవాళ్ల దగ్గరికే వెళ్తారట. ఇప్పటికి ఒక్కరు రమ్మన్నారు.